రెండు వైర్‌లెస్‌లు, ఒకే వేలు

యాభై ఎనిమిదో ఏట అక్షరాలు దిద్దాను. గుణింతం తప్పినా, చెప్పడం ఆలస్యమైనా మన్నించండి. ఈ కథ నాది కాదు, మా సంఘం కంప్యూటర్‌లోని ఓ పట్టీది గనుక దాన్నే మాట్లాడనిస్తున్నాను.

నేను ఒక క్లాసును, అంటే దేన్ని ఎలా దాచాలో, ఎలా తిరిగివ్వాలో రాసిపెట్టిన కోడు ముక్కను. కంప్యూటర్ ప్రోగ్రాంలో పుట్టాను. నా పేరు పడవలపట్టీ. వేటకెళ్లిన పడవలను నాలో దాచుకోవడం నా పని. నన్ను రాసింది మత్స్యకారుల సంఘం ఆఫీసులో పనిచేసే ఇందుమతి. రెడీమేడ్ జాబితాలు ఎన్నో ఉన్నా, ఏ పడవ ఏ వైపు వెళ్లిందో చూశాకే లోపలికి రానివ్వాలని నన్ను సొంతంగా అల్లింది.

మొదట్లో నేను మూత బిగించిన డబ్బాను. నాలో నలభై ఒక్క పడవలున్నా, ఒక్కొక్కటే ఇమ్మంటే ఇవ్వడం రాదు. అప్పుడు తర్వాతి పడవ మీదికి వేలు జరపడం, వేలి కింద ఉన్న పేరు చెప్పడం, అయిపోతే అయిపోయాయనడం నేర్పింది. ఆ వేలిని నాలోనే పెట్టింది. పరీక్షలో నలభై ఒకటీ వరసగా అప్పజెప్పాను. ఒకసారి సరిపోయింది ఎప్పటికీ సరిపోతుందనుకోవడం మనుషుల అలవాటు.

ఓ ఉదయం వాయుగుండం హెచ్చరిక వచ్చింది. ఉత్తరం పడవలను పిలవడానికి దానయ్య, దక్షిణం పడవలను పిలవడానికి కాసులమ్మ చెరో వైర్‌లెస్ ముందు కూర్చున్నారు. కాసులమ్మ భర్త అలాంటి గాలిలోనే పోయాడు. ఇద్దరూ ఒకేసారి నన్ను నడిపించారు. ఉన్నది ఒకటే వేలు. ఆమె కోసం జరిపితే అతని పడవ దాటిపోయేది. ఉత్తరం పడవ ఆమెకు అందితే, తనది కాదని ఆమె ముందున్న కంప్యూటర్ తెర దాన్ని చూపకుండా వదిలేసేది. ఇద్దరికీ "అయిపోయాయి" అన్నాను. అది అబద్ధమని నాకు తెలియదు.

మధ్యాహ్నం పడవలు ఒడ్డెక్కుతున్నాయి.

"దానయ్య బావా, ఎర్రయ్యోళ్ల పడవేదీ? పిలిసినావా?" అంది కాసులమ్మ.

"నా తెర మీదకి రానేదు. నీకొచ్చిందేమో అనుకున్నాను."

"ఉత్తరం పడవ నాకెందుకొస్తాది?"

పిలుపందని తక్కిన పడవలు పక్కవాళ్లను చూసి తిరిగొచ్చేశాయి. అందరికన్నా దూరాన ఉన్నది ఎర్రయ్యదే. ఇప్పుడు పిలిస్తే జవాబు లేదు. సాయంత్రం అతని పడవలోని ముగ్గురిని వేరే పడవ తెచ్చింది. ఎర్రయ్య రాలేదు.

మూడు రోజులు ఇందుమతి నన్నే చూస్తూ కూర్చుంది.

"తప్పేటమ్మీ?" అని అడిగింది కాసులమ్మ.

"ఇద్దరికీ ఒకే వేలు పెట్టాను పిన్నీ."

"అదేటే! పెద్దోళ్ల సదువుల కాడ మాకూ ఇద్దరికో పుస్తకమే. కానీ ఎవులేలు ఆళ్లదే. నా పక్కన కూకున్న రవణమ్మ ఏలు నాను జరిపేస్తే అదేటి సదువుద్ది?"

ఇందుమతి ఆ వేలిని నాలోంచి తీసేసింది. ఇప్పుడు ఎవరడిగినా వాళ్లకో కొత్త వేలు చేసి, మొదటి పడవకు ముందు నిలబెట్టి ఇస్తాను.

పెద్దకర్మ అయ్యాక ఎర్రయ్య భార్య పోలమ్మ ఆఫీసుకొచ్చింది.

"ఆ దినం నా మొగుణ్ని ఎవులు పిలవాలి?"

ఇందుమతి లేచి నిలబడింది. "దానయ్య మావ పిలవాలి. ఆయనకి పేరు అందకుండా చేసింది నేను."

పోలమ్మ వైర్‌లెస్ ముందున్న కుర్చీని ఆమె వైపు జరిపింది. "అయితే ఇప్పుడు పిలు. నాను ఇన్నాకే ఎల్తాను."

ఇందుమతి మొదటి పడవ నుంచి వరసగా పిలిచింది. పడవలు పలికాయి. ఎర్రయ్య పడవను నాలోంచి ఎవరూ తీయలేదు. దాని వంతు ఇరవై ఏడోది. ఇచ్చాను. ఆమె పిలిచింది. వైర్‌లెస్‌లో గరగర తప్ప ఏమీ లేదు. మళ్లీ పిలిచింది.

"ఇంక తరవాతది పిలు," అంది పోలమ్మ.

ఇచ్చాను.

— గనగళ్ల కాసులమ్మ, అరవై నాలుగేళ్లు. ఇప్పుడు ఉండేది గవ్వలపాలెం, ఐస్ ఫ్యాక్టరీ వెనక వీధి.