చివరి గడి

రేపల్లెలో రవి అస్తమించని సామ్రాజ్యమొకటి ఉంది: ఒక బీఈడీ కళాశాల, దాని గోడకు ఆనుకుని ఒక ఉన్నత పాఠశాల. రెండింటికీ ఏలిక శ్రీ నాగమల్లేశ్వరరావు గారు. కరస్పాండెంటు అన్నది వారి బిరుదు.

గడచిన జూన్‌లో అక్కడొక పట్టాభిషేకం జరిగింది. పదో తరగతి గదిలో, నలభై మంది పిల్లల ఎదుట, పద్నాలుగేళ్లుగా సాంఘికశాస్త్రం చెబుతున్న చలపతి మాస్టారి చేతిలోని సుద్దముక్కల డబ్బాను ఏలికవారు నౌషీన్‌కు ఇప్పించారు. నౌషీన్ తెనాలి నుంచి శిక్షణకు వచ్చిన బీఈడీ విద్యార్థిని.

"రేపట్నుంచి మీరు రానక్కర్లేదు మాస్టారూ. శిక్షణకొచ్చిన పిల్లలున్నారుగా, ఊరికే చెబుతారు."

చలపతి గోడ మీద వంకరగా ఉన్న పటాన్ని సరిచేసి వెళ్లిపోయారు. ఎవరూ లేవలేదు. నౌషీన్ నోరు తెరవలేదు. శ్రామికులారా, విద్యార్థులారా, మన కథ ఆ మౌనంలో పుట్టింది.

శిక్షణలో ఒక ఆచారం ఉంది. ఒకరు పాఠం చెబుతుంటే మిగిలిన శిక్షణార్థులు వెనక బల్లల మీద కూర్చుని పరిశీలన పుస్తకం నింపాలి. తేదీ, తరగతి, పాఠం, అన్నింటికీ గడులుంటాయి. చివరి గడి మార్గదర్శక ఉపాధ్యాయుడిది. అంటే పక్కనుండి తప్పులు దిద్దవలసిన అనుభవజ్ఞుడిది. అందులో ప్రతిరోజూ "చలపతి గారు, హాజరు" అని రాయాలని రాజాజ్ఞ. శిక్షణార్థులు పదకొండు మందీ మార్జిన్లు కొట్టి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. నాలుగు నెలల శిక్షణ ఏడు నెలలైంది. పదో తరగతి పరీక్షలు ముగిసేదాకా ఏలికవారు సంతకం పెట్టరు. సంతకం లేనిదే బీఈడీ పరీక్షకు కూర్చోనివ్వరు.

మొదటి తిరుగుబాటు, సంతకాలు పెట్టమని ఒక వినతిపత్రం. మనవాళ్లకు తెలిసిన రచన ఒక్కటే గనుక దాన్నీ పాఠ్యపథకం లాగే రాశారు: లక్ష్యాలు, బోధనోపకరణాలు, మూల్యాంకనం. "లక్ష్యం అస్పష్టం. మళ్లీ రాయండి" అని ఎర్రసిరాతో తిరిగొచ్చింది. మళ్లీ రాశారు కూడా.

జనవరిలో ఒక సాయంత్రం తెనాలి ప్యాసింజరు వెనక పెట్టెలో చోటు లేక మనవాళ్లు ముందు పెట్టె ఎక్కారు. కిటికీ పక్కన చలపతి కూర్చుని ఉన్నారు. ఆయన ఇప్పుడు రేపల్లెలో జిరాక్సు షాపులో పని చేస్తున్నారు. ఏడు నెలలుగా వీళ్లు ఎక్కని పెట్టె అదే.

"కూర్చోండమ్మా. ఇవాళ వెనక చోటు దొరకలేదా?"

నౌషీన్ తల వంచుకుంది. "సార్, రోజూ మీరు హాజరని రాస్తున్నామండి."

"తెలుసు. ఆ పుస్తకాలు జిరాక్సుకొచ్చేది నా దగ్గరికేగా."

బాపట్ల నుంచి వచ్చే భార్గవ్ విసుగ్గా అన్నాడు: "మాకు వేరే దారేదండి? మా నాన్న ఆటో తోలి చదివిస్తున్నాడు. నాకు సంతకం కావాలి."

"ఆయన మీద తిరగబడితే ఏడాది పోయేది మనకే," అంది సాయి సుధ, వాళ్ల తోటి శిక్షణార్థి.

"తీసుకోండమ్మా సంతకం," అన్నారు చలపతి. "పాసవుతారు. తర్వాత ఏ బడికెళ్తారు? ఎక్కడికెళ్లినా మీ పాఠం ఊరికే చెప్పే పిల్లలు అక్కడ ముందే ఉంటారు. మీలాంటోళ్లే."

వేమూరు నుంచి తెనాలి దాకా ఒకరినొకరు తిట్టుకున్నారు. మహత్తర సమావేశాలు సాధారణంగా ఇలాగే సాగుతాయి.

చివరి పాఠానికి బయటి నుంచి పరీక్షాధికారిణి వచ్చారు. నౌషీన్ చీరాల పేరాల పోరాటం చెప్పింది: పురపాలక పన్ను కట్టమన్నందుకు జనం ఊరు ఖాళీ చేసి, అవతల పాకల్లో కాపురం పెట్టిన సంగతి. వెనక పదిమంది రాస్తున్నారు. పుస్తకాలు పరీక్షాధికారిణి చేతికి చేరాయి. పదింటిలోనూ చివరి గడిలో ఒకటే మాట: "లేరు. జూన్‌లో తీసేశారు. ఇన్నాళ్లూ హాజరని మేం అబద్ధం రాశాం."

ఆమె మూడు పుస్తకాలు చదివి, "నేను నాలుగున్నర బండి అందుకోవాలండి," అని సంతకం పెట్టకుండానే లేచారు. చరిత్రలో తటస్థులు ఎప్పుడూ బండికి ఆలస్యమవుతారు.

ఏలికవారు గొంతు పెంచలేదు. "పదిమందీ ఆ ఒక్క గడి దిద్దండి. రేపే సంతకాలు. ఈ నౌషీన్‌కి మాత్రం లేదు."

భార్గవ్ పుస్తకం తెరిచి చాలాసేపు చూశాడు. మూసి బల్ల మీద పెట్టేశాడు. "మార్జిన్లు సరిగానే ఉన్నాయండి. దిద్దడానికేం లేదు."

సాయి సుధ పుస్తకం దాని మీద పడింది. ఆపైన మిగిలినవి. ఏడాది పోయింది. ఎవరూ జిందాబాద్ అనలేదు; అందరికీ ఆకలిగా ఉంది.

మర్నాడు పదకొండు మందీ చలపతి మాస్టారితో కలిసి బడి గేటు ముందు నేల మీద కూర్చున్నారు. పాఠం చెప్పేవాళ్లు లేక ఏలికవారే స్వయంగా పదో తరగతిలో అడుగుపెట్టారు. నలభై నోటు పుస్తకాలు తెరిచి ఉన్నాయి. ప్రతి పేజీలో మార్జిన్లు, తేదీ, గడులు. ముందు బల్ల మీది హేమ అప్పటికే చివరి గడి నింపేసింది: "లేరు."

"ఏంటిది?"

"పరిశీలనండి. అక్కయ్యలు రోజూ రాసేవారు కదా, చూసి నేర్చుకున్నాం," అంది హేమ లేచి నిలబడి. "మీరు పాఠం మొదలుపెట్టండి సార్. రాసుకుంటాం."

ఏలికవారి చేతిలో సుద్దముక్క ఉంది. ఏ పాఠమో గుర్తుకు రాలేదు. నలభై కలాలు కాగితం మీదికి వంగాయి.