రోశయ్య గారి పదిహేడు సేవ్‌లు

సత్తెనపల్లిలో ఖుర్షిదా ఫొటో స్టూడియోకి వచ్చేవాళ్లు ముందు ఫార్మాట్ చెప్పి, తర్వాతే కుర్చీలో కూర్చుంటారు. ఆ పొద్దున బసవమ్మ మనవరాలిని చంకనేసుకుని గుమ్మంలోంచే చెప్పింది.

"పిల్లకి పీఎన్‌జీలో పెట్టమ్మా. మా తోటికోడలు పది ఫోన్లు తిరిగొచ్చిన ఫొటోని మళ్లీ జేపీజీ చేయించింది. పిల్లాడి బుగ్గ మీద సొట్ట పోయింది."

"పోదా పిన్నీ? సైజు తగ్గించాలని జేపీజీ కాస్త కాస్త పారేస్తుంది. ఒకసారికి తెలియదు. చేసిందాన్నే మళ్లీ మళ్లీ సేవ్ చేస్తే తెలిసొస్తుంది. పీఎన్‌జీ అయితే ఏదీ పారెయ్యదు."

ఆ స్టూడియోలో ఫొటోలోంచి పోయింది మనిషిలోంచి కూడా పోతుంది. ఊరందరికీ తెలిసిన సంగతే. కెమెరా తీసిన అసలు ఫైలుని, రా ఫైలంటారు, ఖుర్షిదా కార్డులో దాస్తుంది. అదుంటే పోయిందంతా వెనక్కి వస్తుంది.

విత్తనాల కొట్టు రోశయ్యకీ ఇదంతా తెలుసు. ఖుర్షిదా మిరప రైతు ఇషాక్ చెల్లెలని మాత్రం తెలియదు. ఎవరు ఎవరింటి మనిషో కనుక్కునే అలవాటు ఆయనకి ఎన్నడుంది గనక.

ఇషాక్ మూడెకరాల మిరప నడుమెత్తు పెరిగింది, ఒక్క కాయ కాయలేదు. నకిలీ విత్తనం. బిల్లడిగితే "మన మధ్య బిల్లేంటయ్యా" అని నవ్వి పంపించింది ఈ పెద్దమనిషే. ఇషాక్ ఫిర్యాదు చేస్తే వ్యవసాయాధికారి ముందు మాత్రం "ఈయనెవరో నాకు తెలియదండి" అన్నాడు. పదేళ్లుగా తన కొట్లోనే కొంటున్న మనిషిని పట్టుకుని అన్న మాట అది. అప్పట్నుంచి ఊళ్లో ఇషాక్ అబద్ధాలకోరు. అన్నం ముందు కూర్చున్నా తలెత్తడు. అన్నని చూసినప్పుడల్లా ఖుర్షిదాకి కడుపు మండిపోయేది. సోమవారం ఆఖరి విచారణ.

దానికి వారం ముందు రోశయ్య పుట్టినరోజు ఫ్లెక్సీ కోసం ఫొటో దిగాడు.

"జేపీజీ చాల్లేమ్మా. తొందరగా వాట్సాప్‌లో కొట్టు."

"అలాగేనండి," అంది ఖుర్షిదా.

సాయంత్రానికి ఫోను. మీసం నల్లగా ఉండాలట. తర్వాత రంగు తెల్లగా, ఉంగరం మెరిసేలా. మార్పు చెప్పిన ప్రతిసారీ ఒళ్లు దగ్గరపెట్టుకుని పనిచేసేవాళ్లు రా ఫైలే తెరుస్తారు. ఖుర్షిదా కిందటి జేపీజీనే తెరిచింది, కావాలనే. మూడో సేవ్‌కి ఆయన మీసం కొసలు పోయాయి. తొమ్మిదోదానికి కనుబొమలు పోయాయి. ఆయన మాత్రం ఫొటోయే సరిగా రాలేదనుకుని ఇంకా సరిచేయమంటూ పోయాడు. పదిహేడో సేవ్‌కి ముఖమంతా గళ్లు గళ్లుగా మిగిలింది. మర్నాడు కొట్టుకి వెళ్తే గుమస్తా ఆయన్నే "ఏం కావాలండీ?" అని అడిగాడు.

సోమవారం విచారణలో అధికారి ఆధార్ కార్డు తిప్పి తిప్పి చూశాడు.

"ఈ ముఖం మీది కాదు. రోశయ్య రాకపోతే కొట్టు లైసెన్సు రద్దవుతుంది. ఇక్కడ మిమ్మల్ని ఎరిగినవాళ్లు ఎవరన్నా ఉన్నారా?"

అందరూ తలలు అడ్డంగా ఊపారు. రోశయ్య చెమటలు కక్కుతూ ఇషాక్ దగ్గరికి పోయాడు.

"ఒరేయ్ ఇషాక్, నువ్వైనా చెప్పరా. జూన్‌లో పన్నెండు ప్యాకెట్లు నా చేత్తోనే కదా ఇచ్చాను. బిల్లు వద్దన్నది కూడా నేనే కదా."

అధికారి కలం అందుకున్నాడు. "ఎన్ని ప్యాకెట్లన్నారు?"

"పన్నెండండి," అన్నాడు రోశయ్య. అనేశాక గానీ ఏమన్నాడో తెలియలేదు.

ఇషాక్ తలెత్తాడు. మూడు నెలల తర్వాత నలుగురిలో తలెత్తడం అదే. "అవునండి, ఈయన రోశయ్య గారే. గొంతు గుర్తుపట్టాను." అధికారి ఇద్దరి మాటలూ రాసుకుని సంతకాలు పెట్టించాడు.

విచారణ అవగానే రోశయ్య స్టూడియోకి పరిగెత్తుకొచ్చాడు. ఈపాటికి ఆమె ఇషాక్ చెల్లెలని ఆయనకి ఎవరో చెప్పే ఉంటారు.

"అంతా ఒప్పుకున్నాను కదమ్మా. ఆ రా ఫైలు తెరిచి నా ముఖం నాకిచ్చెయ్."

ఖుర్షిదా కార్డు పెట్టింది. ఫైలు ఉంది, మీసం కొసలతో సహా. ఆమెకి కంచం మీదికి వంగిన అన్న మెడ గుర్తొచ్చింది. డిలీట్ నొక్కింది. నిజంగానే తీసెయ్యాలా అని కంప్యూటర్ అడిగితే అవునని నొక్కింది.

తర్వాత కుర్చీ ఇటు తిప్పి ఆయన్ని చూసింది.

"ఎవరండీ మీరు? ఫొటో దిగాలా?"