పొట్టి చేతుల వేషం

డైనోసార్ వేషం కుట్టించాలని మ్యూజియం నుంచి బొమ్మ గీసిన కాగితం పట్టుకుని వచ్చినావిడను అందరూ ఎముకల మేడం అంటారు. దర్జీ అక్క ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"కళ్ల మీద కొమ్ములు, నోటి నిండా పళ్లు. బానే ఉంది మేడం. చేతులేంటి, జానెడు కూడా లేవు? కాగితం చాల్లేదా?"

"దాని చేతులే అంతమ్మా. దక్షిణాది ఖండాలన్నీ కలిసున్న రోజుల్లో పుట్టిన జాతి. వేటాడి తినేది. పనంతా నోటితోనే."

"మా తమ్ముడి టైపన్నమాట," అంది అక్క, టేపు తీస్తూ.

వేషం వేసుకోవాల్సింది ఆ తమ్ముడే. ఆర్నెల్లుగా ఖాళీగా ఉన్నాడు.

"మరి నా చేతులెక్కడ పెట్టుకోనక్కా?"

"పొట్టలో పెట్టుకో."

ప్రదర్శన మొదటిరోజు హాలు నిండా బడిపిల్లలు. తమ్ముడు గర్జించాడు. ముందు వరుసలో ఇద్దరు ఏడుపు అందుకున్నారు. అతనికి ఉత్సాహం పొంగుకొచ్చి గిర్రున తిరిగాడు. తోక కుర్చీకి తగిలింది, కుర్చీ కాళ్లకు అడ్డం పడింది. డైనోసార్ బోర్లా పడిపోయింది.

అక్క పరుగెత్తుకొచ్చింది. మేడం చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"ఆగమ్మా. చేతుల్లేకుండా ఇది పడితే ఎలా లేచేదో నాకిప్పటిదాకా అంతుపట్టలేదు. పిల్లలూ, చప్పుడు చెయ్యకుండా చూడండి."

ఎవరో ఒకరు లేపుతారని తమ్ముడు కాసేపు ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు. లోపల ఏదో గొణుక్కుని, గడ్డం నేలకు ఆనించి, మోకాళ్లు ముడిచి, బొంగరంలా సగం తిరిగి, గోడకు తల ఆనించి పాకుతూ లేచి నిలబడ్డాడు. హాలంతా చప్పట్లు. పుట్టి బుద్ధెరిగాక లేచి నిలబడినందుకు అతన్ని ఎవరైనా మెచ్చుకోవడం ఇదే మొదటిసారి.

మేడం పుస్తకం తెరిచింది. "ముందు గడ్డం, తర్వాత మోకాళ్లు. మరి అడవిలో గోడ ఉండదు కదా?"

డైనోసార్ ఆలోచించింది. "చెట్టుంటది కదండీ."

మేడం ఆ మాట రాసుకుని కింద గీత గీసింది. "ఎడమ పక్కకు పడితే ఎలాగో ఒక్కసారి చూపిస్తావా బాబూ?"

అతను పళ్ల సందుల్లోంచి అక్క వైపు దీనంగా చూశాడు.

"పడరా," అంది అక్క. "కుట్లు గట్టిగానే వేశాను."

ఆ పూట ఏడుసార్లు పడ్డాడు. వారం తిరక్కుండా మ్యూజియంలో ఉద్యోగమిచ్చారు. కాగితాల్లో హోదా ఏమని రాయాలో గుమాస్తాకు ఎంతకూ తేలలేదు. చివరికి మేడమే కలం లాక్కుని 'పరిశోధన సహాయకుడు' అని రాసింది.