వెంట్రుక వాసి సందు

చిత్రకారుడుగారు ఫ్రేమును నాలుగోసారి తిప్పి పంపేసరికి ఫ్రేముల మేస్త్రికి తిక్క రేగింది. దాన్ని బల్లమీద పడేసి భూతద్దం పెట్టి చూశాడు. కింది మూలలో, రెండు చెక్కలు కలిసేచోట, వెంట్రుక వాసి సందు. అదీ వెలుతురుకు ఎదురుగా పెడితేనే. కోడిగుడ్డుకు ఈకలు పీకడమంటే ఇదే. ఇంతకీ అందులో బిగించాల్సిన బొమ్మ పేరేమిటనుకున్నారు? ‘లోపమే అందం’!

ఆ బొమ్మ మేస్త్రి అక్కది. మూడేళ్ల కిందట పక్షవాతం వచ్చి ఆవిడ నోరు ఎడమపక్క కిందికి జారిపోయింది. అప్పట్నుంచి గడప దాటితే మొహానికి శాలువా అడ్డం. ఇంట్లో అద్దాన్ని గోడవైపు తిప్పేసింది. ఒకరోజు ఫ్రేముల పనిమీద వచ్చిన ఈ మహానుభావుడు, కొట్టు వెనక టీ పెడుతున్న ఆవిణ్ణి చూసి, "ఆహా, ఆ నోరు! ఎంత అందం!" అని గంతేశాడు. ముందు ఎగతాళి అనుకుంది అక్క. నిజంగానే బొమ్మ వేస్తాడని తెలిశాక ఆ వారమంతా కూనిరాగాలు తీసింది. అందుకే మేస్త్రి పళ్లు బిగబట్టి అయిదోసారి కూడా చెక్క చిత్రిక పట్టాడు.

"ప్రదర్శనకి నేనూ వస్తాన్రా. శాలువా కప్పుకోను" అంది అక్క.

అన్నట్టే వచ్చింది. శాలువా మడిచి సంచిలో పెట్టుకుంది, ఎందుకైనా మంచిదని.

హాలు నిండా జనం. చిత్రకారుడు మైకు పట్టుకుని, "ఆర్నెల్లు ఆ మొహం ముందు తపస్సు చేశాను" అంటున్నాడు. మేస్త్రికి ఒళ్లు మండింది. తపస్సట, తపస్సు! ఆ రోజు కొట్లో అరగంట కూర్చున్నాడు. అక్క పక్కన తన మొహం పెట్టి ఫోనులో ఒక ఫోటో తీసుకున్నాడు, టీ తాగి పోయాడు. మాటలు కోటలు దాటతాయి, కాలు గడప దాటదు.

బొమ్మలో కన్ను నుదుటిమీదికి ఎక్కింది, చెంప ఆకుపచ్చగా ఉంది, మెడ అసలు లేదు. నోరొక్కటే స్పష్టంగా ఉంది. అక్క చాలాసేపు చూసింది. తర్వాత తన పెదవి ఎడమ మూల తడుముకుంది.

"ఒరేయ్, ఇది నాది కాదురా. ఈ బొమ్మలో మనిషికి కుడిపక్క జారింది."

మేస్త్రికి వెంటనే వెలిగింది. కొట్టుకి వచ్చే ఫోటోల్లో రోజూ చూసేదే. ఫోను ముందువైపు కెమెరాతో తీస్తే ఒక్కోసారి కుడి ఎడమైపోతుంది, చొక్కా జేబు సైతం అటు మారిపోతుంది. తపస్వి ఆ ఫోటో చూసి దించేశాడన్నమాట.

అక్క మాట చుట్టుపక్కల వాళ్లకీ వినపడింది. చిత్రకారుడు చిరునవ్వు పులుముకుని వచ్చాడు.

"అమ్మా, ఇలాంటి బొమ్మల్లో కుడేమిటి, ఎడమేమిటి? పొరపాటులోనే కదా అందం!"

"మరి నా ఫ్రేము మూల..." అని మేస్త్రి మీదికి పోబోతుంటే అక్క చెయ్యి పట్టుకుని ఆపింది. ఆవిడకు ఏడుపొచ్చింది. సంచిలోంచి శాలువా తీసింది. అయిపోయింది, మళ్లీ మూడేళ్లు వెనక్కి పోయిందనుకున్నాడు మేస్త్రి.

అక్క శాలువాని బొమ్మమీద కప్పి, అంచును ఫ్రేము మూలకి దోపింది. మొహం పైకెత్తి జనంవైపు తిరిగి నిలబడింది.

"ఆర్నెల్లు చూశానన్నావుగా బాబూ" అంది. "ఇప్పుడొక్కసారి చూడు."