తోంచా పావడా

ఒదీలియా బొగ్గుల ఇస్త్రీపెట్టెతో పావడా కుచ్చిళ్లు సర్దుతోంది. పావడా ఆమెది కాదు, భర్త బెనిగ్నోది. పుయెబ్లా ఊరి సంత పక్కన డేరా నాటకశాలలో అతను రోజూ అది కట్టుకుని, పిరుదుల మీద దూది మూటలు బిగించి, దోన్యా తోంచా అనే గయ్యాళి పెళ్లాంగా జనాన్ని నవ్విస్తాడు. ఎడమకాలు ఈడ్చే ఆ నడక ఒదీలియాది. మాట మధ్యలో ఊపిరి మింగడమూ ఆమెదే.

"దూది ఇంకాస్త కుక్కవే తోంచా. నువ్వు ఒళ్లు చేశావుగా, జనాన్ని మోసం చెయ్యకూడదు," అన్నాడు బెనిగ్నో గడ్డం గీసుకుంటూ.

ఇంట్లోనూ ఆమెకు అదే పేరు. మొదట్లో ఏడిస్తే అత్తగారు, "వాడేమన్నా తాగొచ్చి తంతున్నాడా? నీ వల్ల ఊరంతా నవ్వుతోంది, అదృష్టం కాదటమ్మా!" అంది. వీధిలో తమాలెలు, అవే మొక్కజొన్న పిండి కుడుములు, అమ్మే ఆవిడైతే, "ఏదీ, ఓసారి నడు" అంటుంది. నడిస్తే పెదవి విరుస్తుంది. "మీ ఆయన చేసినంత బాగా లేదమ్మా."

అందుకే ఒదీలియా ఇంట్లో నవ్వడం, కోప్పడడం మానేసింది. ఏం చేసినా మర్నాటికి అది వేదిక ఎక్కుతుంది. "ఎండిపోయావే, నా కడుపు కొడుతున్నావు," అని అతని గోల. మూడు రోజులే బతికి చనిపోయిన కూతురి చొక్కా ఒక్కటే ఆమెకు మిగిలింది. అతను లేనప్పుడు పెట్టె అడుగునుంచి తీసి, మెడ దగ్గర బొటనవేలితో నిమిరి, "రా తల్లీ, చలి" అని మళ్లీ మడిచి పెట్టేస్తుంది. అదొక్కటైనా తనది అనుకుంది పిచ్చిది.

వేదిక ముందంచున ఉన్న గోతిలో, జనానికి కనబడకుండా రేకు గుల్ల కింద కూర్చుని నాటకం మాటలు అందించడం కూడా ఆమె చాకిరీయే. ఆమె గుసగుస లేకపోతే బెనిగ్నోకి నాలుగు మాటలు వరసగా రావు. ఆ సంగతి జనానికి తెలియదు.

ఆ సాయంత్రం రెండో ఆటలో అతను రవికెలోంచి ఆ చిన్న చొక్కానే తీశాడు. మెడ దగ్గర బొటనవేలితో నిమిరాడు. "రా తల్లీ, చలి!" అని ఊపిరి మింగి, బల్ల కింద వెతికాడు, డోలు వెనక వెతికాడు. డేరా దద్దరిల్లింది. ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటూ మరీ నవ్వారు.

తలుపు సందులోంచి ఎన్నిసార్లు చూశాడో! ఒదీలియా ఒళ్లు భగ్గున మండింది.

నవ్వు ఆగింది. అతను గోతివైపు చూశాడు. తర్వాతి మాట ఆమె నాలుక చివరే ఉంది.

"అందించవే తోంచా," అన్నాడు పళ్ల బిగువున. ఆమె చూస్తూ కూర్చుంది. నారింజ తొక్క ఒకటి వచ్చి అతని చెంపకు తగిలింది. ఆట ఆగితే ఈ డేరా జనం ఎవర్నీ వదలరు. పౌడరు మీద చెమట కారుతుంటే తోంచా గొంతు వదిలేసి, తన గొంతుతో, "ఒదీలియా!" అన్నాడు.

పెళ్లైన కొత్తలో విన్న పిలుపు. ఆమె గుండె కరిగింది. మాట అందించబోయి నోరు తెరిచింది కూడా.

పావడా కట్టిన మనిషికి మగగొంతు వచ్చేసరికి జనం గొల్లుమన్నారు. ఆ నవ్వు విని బెనిగ్నో మొహం వెలిగింది. ఈసారి తోంచా గొంతుతో, ఊపిరి మింగి, నడుం తిప్పుకుంటూ, "ఒదీలియా...!" అన్నాడు. ఇంకా పెద్ద నవ్వు.

ఆమె నోరు మూసుకుంది. చెయ్యి పైకి చాపి అతని వేళ్లలోంచి చొక్కా లాక్కుని, గోతి వెనకనుంచి బయటికి నడిచింది.

మూడోసారి పిలిచినప్పుడు ఎవరూ నవ్వలేదు. జనం అతని మీదికి విసిరిన మొదటి సీసా పగిలిన చప్పుడు సంతదాకా వినబడింది. ఎడమకాలు ఈడ్చుకుంటూ పోతున్న ఒదీలియా ఆగి, చొక్కా మడిచి గుండెలకు హత్తుకుని, సంతలో అందరూ తిరిగి చూసేంత గట్టిగా అంది:

"రా తల్లీ, చలి."