ఫ్యాన్ వేసుకోని మనిషి

తెర మీద బాంబు పేలినప్పుడు కళావతి సమోసా తింటోంది. పేలాక కూడా తింది. ఇన్నేళ్లుగా సినిమాల్లో చచ్చినవాళ్లను చూసీ చూసీ ఆమె మనసు మొద్దుబారింది. అది ఆమె ఒక్కదాని తప్పేం కాదు, హాలంతా అలాగే తింటోంది. మట్టెవాడలో వాళ్ల గల్లీ అంతా కలిసి వచ్చిన సినిమా అది. ఉగ్రవాదులు ఓ ఇంటి మీద గది అద్దెకు తీసుకుని, తలుపులు బిగించుకుని, వంచిన తల ఎత్తకుండా వైర్లు అతుకుతుంటే, ముందు వరుసలోంచి వెంకట్రాజం వెనక్కి తిరిగాడు.

"అక్కా, మీ మీది రూముల ఉండేటోడు గిట్లనే ఉంటడు గదా?"

కళావతి నవ్వింది. ఎదురింటి బట్టల కొట్టు వెంకట్రాజం జన్మలో జోకు వేసిన మనిషి కాదన్న సంగతి ఆమెకు అప్పుడు తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే అతను ఇంకొందరిని వెంటేసుకుని వచ్చాడు. కళావతి భర్త సత్యనారాయణ కింద స్టీలు సామాన్ల దుకాణం షట్టర్ ఎత్తుతున్నాడు.

"బావా, గింత ఎండల తలుపులు పెట్టుకుని, ఫ్యాన్ బంద్ చేసుకుని కూసునేటోడు యాడన్న ఉంటడా? లోపట ఏం చేస్తాండు? ఫోన్ల బంగ్లాల మాట్లాడ్తాండు. ఆడు ఏ దేశపోడో ఎవలకెరుక?"

సత్యనారాయణ బిక్కమొహం వేసుకుని భార్య వైపు చూశాడు. "ఫ్యాన్ ఎందుకు ఎయ్యడో నీకేమన్న ఎరుకనా?"

ఎరుకే. ఆమెకు తెలిసినట్టు ఈ ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. మీది గదిలో ఉండే నిమాయ్‌ది బెంగాల్లో మేదినీపూర్ వైపు పల్లె. బజారులోని బంగారు దుకాణాలకు నగలు చేసిస్తాడు. వచ్చిన మొదటి ఎండాకాలంలో, పాపం చెమటలో ఈదుతున్నాడని కళావతి చల్ల గ్లాసుతో పైకెళ్లి, వెళ్తూనే ఫ్యాన్ స్విచ్ వేసింది. నిమాయ్ కేకపెట్టి బల్ల మీద అడ్డంపడ్డాడు. అప్పటికే ఆకురాయితో అరగదీస్తే రాలిన బంగారు రజను గదంతా లేచిపోయింది. ఇద్దరూ మోకాళ్ల మీద పాకుతూ, తడిగుడ్డతో నేలంతా అద్దుతూ సాయంత్రం దాకా దాన్ని పోగుచేశారు. అతను ఆమెను అక్కా అని పిలవడం ఆ రోజే మొదలైంది. ఆ ముచ్చట పుట్టింట్లో చెప్పి అందరినీ నవ్వించింది కూడా.

గాలికి రజను లేస్తదని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. కానీ అంతమంది మగవాళ్లు ఆమె మొహంలోకే చూస్తున్నారు. చెబితే వాడి తరఫున వకాల్తా పుచ్చుకుందంటారు. అదొక సాకు. అసలు సంగతేమిటంటే ఆమెకు లోపల ఏమీ అనిపించలేదు. నిన్న హాల్లో కూర్చున్నట్టే ఇవాళ వాకిట్లో నిలబడింది.

"నాకేం ఎరుక?" అంది.

"ఇంకేంది బావా, జర ఖాళీ చెయ్యమను. మనకెందుకీ పరేషాన్?"

సత్యనారాయణ చెడ్డవాడు కాదు, గొడవంటే భయం, అంతే. పైకెళ్లి చెప్పొచ్చాడు.

మధ్యాహ్నానికి నిమాయ్ పనిముట్ల పెట్టె, బట్టల సంచీ పట్టుకుని దిగాడు. వెంకట్రాజమే దగ్గరుండి ఆటో పిలిచాడు, ఎంతైనా మర్యాదస్తుడు కదా. గల్లీలో ఎవరూ అతన్ని పల్లెత్తు మాట అనలేదు. మెట్ల దగ్గర కళావతి కనబడగానే నిమాయ్ ఆగాడు. ఆరేళ్లలో ఇక్కడే నేర్చుకున్న తెలుగు అతనిది.

"అక్కా, బావ చెప్పిండు. ఆళ్లు ఫ్యాన్ సంగతి అడిగిండ్రంట."

"ఊఁ."

"నువ్వు చెప్పినవ్ గదా?"

అతని కళ్లలో అనుమానమన్నదే లేదు.

"చెప్పిన."

"అయినా ఇనలేదా?"

"ఇనలే."

పొద్దుటి నుంచి బిగుసుకుపోయి ఉన్న అతని మొహం ఒక్కసారిగా తేటపడింది.

"ఇనకపోతే ఇనకపోనీ అక్కా. నువ్వు చెప్పినవ్, నాకు గంతే చాలు. అమ్మకు ఫోన్ చేసి చెప్త, ఈడ నా కోసం మా అక్క ఒక్కతే కొట్లాడిందని."

అంటూనే వంగాడు. కాళ్లు వెనక్కి తీసుకోవాలని ఆమెకు తెలుసు. తీసుకోలేకపోయింది. అతని చేతులు పాదాలను తాకేదాకా అలాగే నిలబడి, అలవాటు కొద్దీ "చల్లగుండు బిడ్డా" అని దీవించింది.