బొగ్గు మూతికి చిక్కం

"నీ కుక్కని కాస్త బయట తిప్పుకురా, చెవులు చిల్లులు పడుతున్నాయి," అన్నాడు భర్త, ఫోన్‌లోంచి తలెత్తకుండానే. ఆమె పాల గిన్నె దించి, తడిచేతులు తుడుచుకుని, మేకుకి వేలాడుతున్న గొలుసు అందుకుంది. పిల్లగా ఉన్నప్పుడు బొగ్గు 'మన కుక్క'. ఆఫీసులో ఎవరో ఇస్తే చంకలో పెట్టుకొచ్చి, దానితో ఫొటోలు దిగి అందరికీ పంపింది ఆయనే. మెట్ల మీద మొదటిసారి ఓ కొత్త మనిషి మీదికి ఎగబడ్డ రోజు నుంచి అది 'నీ కుక్క' అయింది. మూడేళ్ళ బుజ్జిదీ అంతే. నవ్వుతూ ఉంటే 'నా బంగారం', జ్వరంతో ఏడిస్తే 'నీ కూతురు'.

ఆమె చదువు మధ్యలోనే మాన్పించేశారు గానీ, కుక్కని చదవడం మాత్రం తనంతట తనే నేర్చుకుంది. ఎవరైనా ఎదురొస్తుంటే ముందు బొగ్గు చెవులు వెనక్కి పోతాయి. తర్వాత ఒళ్ళు బిగుస్తుంది. ఆ తర్వాత ఊపిరి బిగబడుతుంది. అక్కడి నుంచి ఉన్న వ్యవధి రెండు అంగలే. ఆ లోపల పిల్లని ఎడమ చంకనేసుకుని, గొలుసు కుడిచేతికి రెండు చుట్లు చుట్టుకుని, రోడ్డు దాటెయ్యాలి. దాటే వీలు లేకపోతే అరచెయ్యి అడ్డంగా చాపి, "దగ్గరికి రావొద్దండీ, దానికి భయం," అనాలి. వినేవాళ్ళెవరు? "కుక్కలంటే నాకు అలవాటేలేమ్మా," అంటూ మీదికొచ్చేవాళ్ళే ఎక్కువ. తీరా అది ఎగిరాక, "పెంచడం చేతకానివాళ్ళకి కుక్కలెందుకో!" అంటారు. ఫోన్‌లో అత్తగారి మాట ఇంకో రకం. "పిల్లని చూసుకోడానికే దిక్కు లేదు, దానికి తోడు కుక్కొకటా తల్లీ?" కుక్కని తెచ్చింది తన కొడుకేనని ఆవిడకి ఒక్కసారీ గుర్తు రాలేదు. ఈమె గుర్తు చెయ్యనూ లేదు.

పోయిన వారం ఎవరో ఫిర్యాదు చేస్తే, కుక్క మూతికి కట్టే బట్ట చిక్కం తెచ్చి బల్ల మీద పడేశాడు భర్త. "ఇంకొక్క మాట నా చెవిన పడిందా, దీన్ని ఊరవతల వదిలేసి వస్తా." నోరు కట్టేస్తే జనం నిశ్చింతగా తమ దారిన తాము పోతారనుకుంది ఆమె. అక్కడే పొరపడింది. నోరు కట్టేశాక అందరికీ ధైర్యం వచ్చింది. నిన్నటిదాకా పక్కకి తప్పుకున్నవాళ్ళు ఆగి మరీ తల నిమురుతున్నారు. పిల్లలు తోక లాగి పరిగెడుతున్నారు.

ఆ రోజు పార్కులో, ఎదురు బ్లాకులో ఉండే రిటైర్డ్ ఆఫీసరు గొడుగు ఊపుకుంటూ దగ్గరికొచ్చాడు. "ఏరా, ఇప్పుడు మొరుగు, చూద్దాం!" అని గొడుగు మొనతో బొగ్గు డొక్కలో పొడిచాడు. బెంచీ మీద ఇద్దరు నవ్వారు. ఇంకోసారి పొడిచాడు. కట్టిన మూతిలోంచి ఓ సన్నటి మూలుగు వచ్చింది. బొగ్గు నిలబడ్డచోటే వణుకుతూ ఉచ్చ పోసేసుకుంది. ఆమె ఆ తడి నేల వైపు చూసింది. 'నోట్లో నాలుక లేని కోడలు' అని పెళ్ళయిన కొత్తలో అత్తగారు చుట్టాలందరికీ మురిసిపోతూ చెప్పింది. ఆ మాట చెవిన పడ్డ ప్రతివాళ్ళూ వచ్చి, సరదాకే, ఎక్కడ వీలైతే అక్కడ పొడిచారు. వంట మీద, ఒంటిరంగు మీద, ఆగిపోయిన చదువు మీద. భర్త కూడా నలుగురితో పాటు నవ్వాడు.

"గొడుగు తియ్యండి," అంది.

"ఏంటమ్మా, ఊరికే సరదాకి..."

"దానికి సరదాగా లేదు. తియ్యండి! దగ్గరికి రావొద్దు!"

అంత గొంతు తనలో ఉందని ఆమెకే తెలియదు. బెంచీ మీద నవ్వు ఆగింది. బుజ్జిది తల్లి మొహంలోకి కొత్తగా చూసింది.

ఆమె మెట్లెక్కేలోపే ఫిర్యాదు ఇంటికి చేరిపోయింది. భర్త గుమ్మం లోపల చెయ్యి చాపుకుని నిలబడి ఉన్నాడు. "పెద్దమనిషి మీద నలుగురిలో అరిచావట. నేనాయన మొహం మళ్ళీ ఎలా చూడను? చెప్పానా లేదా? ఇటియ్యి గొలుసు. ఇప్పుడే వదిలేసి వస్తా."

బొగ్గు వచ్చి పిల్ల వెనక నక్కింది. ఆయన ఒక అడుగు ముందుకేశాడు. అలవాటు కొద్దీ ఆమె కుక్క వైపు చూడబోయింది. కానీ కళ్ళు కూతురి దగ్గరే ఆగిపోయాయి. దాని చిన్న భుజాలు బిగుసుకున్నాయి. ఊపిరి బిగబట్టింది. ఎన్నాళ్ళుగా ఇలా బిగబడుతోందో! వీధిలో ప్రతి మనిషినీ కనిపెట్టుకుని తిరిగిన తను, ఇంట్లో పిల్లని చూడనే లేదు.

బుజ్జిది అరచెయ్యి అడ్డంగా చాపింది, అచ్చం తల్లిలాగే.

"దగ్గరికి రావొద్దు నాన్నా. మాకు భయం."

ఆయన మొహం ఎర్రబడింది. "విన్నావా నీ కూతురి మాటలు? చెప్పు దానికి!"

'తప్పమ్మా, నాన్నతో అలా అనకూడదు' అనే మాట, ఏళ్ళ తరబడి అరిగిన మాట, ఆమె నాలుక చివరికి వచ్చి నిలబడింది. దాన్ని అక్కడే ఉంచేసింది. వీధి తలుపు ఇంకా తెరిచే ఉంది. ఆమె వంగి పిల్లని ఎడమ చంకనేసుకుంది. గొలుసు కుడిచేతికి రెండు చుట్లు చుట్టుకుంది.